యంకవ్వ కోసం తొమ్మిది వేదికలు

హలో… వినపడుతోందండీ. నేనే, ఇంకెవరెత్తుతారు నా ఫోను.

రాయచూరులోనే… లేదు, ఇంకా బయల్దేరలేదు. బయల్దేరితే చెప్పనా.

ఏంటీ?… గట్టిగా మాట్లాడండి, ఇక్కడ డోళ్ళు కొడుతున్నారు, చెవులు దిమ్మెక్కిపోయాయి… ఉండండి, ఆ గోడ పక్కకి వస్తా—

ఆఁ. ఇప్పుడు చెప్పండి.

…చూశారా? మనవాళ్ళ పాట ఫోన్లో లైవ్ బాగా వచ్చిందా? క్యాంపులో వాళ్ళందరూ మనింట్లోనే ఉన్నారా ఇంకా…

అవును, మూడింటికి. కోట లోపల కట్టిన వేదిక అది… మొదట బసవ్వ అందుకుందా… బాగానే పాడారా. పోనీలెండి.

నేను కనపడను. నేనక్కడ లేను.

చీర బాగానే ఉందండీ… చీర సంగతి కాదు. మాట్లాడమన్నారు, నిజమే. నాట్ల పాటల గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు, రాసుకొచ్చాను కూడా. చెప్పలేదు.

యంకవ్వ కూడా అక్కడ లేదు.

వెనక వరసలో లేదు. వేదిక కిందా లేదు… ఒంట్లో బాగానే ఉంది. ఉండే ఉంటుంది—

ఎక్కడుందో తెలీదండీ. అదే చెప్పబోతున్నా. పదకొండింటి నుంచి కనపడట్లేదు.

…

అరవకండి. మీరరిస్తే ఇంట్లో వాళ్ళందరికీ తెలుస్తుంది. కాస్త వరండాలోకి రండి… వచ్చారా.

ఒక్కదాన్నే తిరుగుతున్నా. ఈ పాటల ఉత్సవానికి ఊళ్ళో తొమ్మిది చోట్ల వేదికలు కట్టారు. ఆరు చూసేశాను. ఇది ఏడోది, తీన్ కందీల్ దాటాక బడి మైదానం… ఆటోలు రానివ్వట్లేదు ఈ వీధుల్లోకి. నడకే.

ముందే ఫోన్ చేస్తే ఏం చెప్పను మీకు? దొరికాక చెబుదాం అనుకున్నా. ఈ వేదిక దగ్గర ఉంటుంది, కాదు ఆ వేదిక దగ్గర ఉంటుంది అనుకుంటూనే పొద్దు వాలిపోయింది.

ఆమెకి ఫోనేదండీ, చెయ్యడానికి.

ఒక్క నిమిషం. ఇక్కడ పోలీసాయన ఉన్నాడు, అడుగుతా. లైన్లోనే ఉండండి—

సార్… సార్, ఒక ముసలామె కనపడిందా ఇటు? తెలుగు వచ్చుగా మీకు… ఆఁ. యంకవ్వ అని పేరు. అరవై దాటాయి. సన్నగా, నల్లగా, కాస్త వంగి నడుస్తుంది. ఆకుపచ్చ చీర, మెళ్ళో మీ ఉత్సవం వాళ్ళిచ్చిన పసుపు కార్డు… మానవి తాలూకా సార్, మల్లట్ దగ్గర ఆంధ్రా రైతుల క్యాంపు. ఎనిమిది మంది ఆడవాళ్ళని తీసుకొచ్చాను, వరి నాటేటప్పుడు పాడే పాటలు పాడించడానికి. వాళ్ళ కూలీల ముఠాకి ఆవిడే పెద్ద… నాకేమవుతుందా.

మా పొలంలో పని చేస్తుంది సార్.

అంతే… మైకులో చెప్పిస్తారా? పాట అయ్యాకా. సరే సార్.

హలో… ఉన్నారా. పాట అయ్యాక చెప్పిస్తాడంట. పొద్దున్నుంచీ ప్రతిచోటా అదే మాట. ఒక పాట అవుతుండగానే ఇంకోటి అందుకుంటారు, మధ్యలో ముసలామె కోసం ఖాళీ ఎక్కడుంటుంది.

బస్టాండుకి డ్రైవర్ హనుమేశ్‌ని పంపా. తుఫాన్ బండి వేసుకుని రెండుసార్లు వెళ్ళొచ్చాడు. మానవి బస్సులు, సింధనూరు బస్సులు అన్నీ ఎక్కి చూశాడంట. రైల్వే స్టేషన్‌కి కూడా పోయాడు పాపం… లేదు. అక్కడెవరూ చూడలేదు.

ఏం జరిగిందంటే… తప్పిపోయింది. జనం, హడావిడి. ఎవరైనా తప్పిపోతారు.

…

అవునండీ. రాయచూరు ఆమెకి కొత్త కాదు. మిరపకాయలు ఏరడానికి ఏడాదికోసారి మార్కెట్టుకి, అదే గంజ్‌కి వచ్చేది. నాకంటే బాగా తెలుసు సందులన్నీ.

తప్పిపోలేదు. వెళ్ళిపోయింది.

చెబుతా. ఈ మెట్టు మీద కూర్చోనివ్వండి ముందు. మడమలు పగిలిపోతున్నాయి… ఆఁ.

పొద్దున పదింటికి మా వంతన్నారు గదా. కోటలోకి వెళ్తే, వేదిక మారింది, ఆమ్ తలాబ్ చెరువు గట్టు మీదకి పొమ్మన్నారు. నడిచాం. అక్కడ ముందున్న వాళ్ళు ఇంకా దిగలేదు, మళ్ళీ కోటకే పొమ్మన్నారు. ఎనిమిది మందిని వెంటేసుకుని ఎండలో అటూ ఇటూ… వాళ్ళేం విసుక్కోలేదు, నవ్వుకుంటూనే నడిచారు. విసుక్కుంది నేనే. చైత్ర మేడంని కూడా నిలదీశా. అదే, తొలకరి నాట్లప్పుడు మన గట్టు మీద కూర్చుని యంకవ్వ పాట ఫోన్లో పట్టుకెళ్ళిన కాలేజీ మేడం. ఆవిడే కదా మమ్మల్ని పిలిచింది. పాపం ఆవిడ చేతుల్లో ఏముంది.

వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

కోటలో చివరికి ఎక్కించారు. పాట మూడింటికి మారింది, ముందు మైకులు సరిచూసుకోవాలన్నారు. ఎదురుగా అప్పటికే రెండొందల మంది దాకా కూర్చున్నారు. మైకులు పెట్టే ఆయన యంకవ్వని ముందుకి రమ్మని, గొంతెత్తి ఒక ముక్క పాడమన్నాడు. నిలబడింది. నోరు తెరిచింది…

రాలేదండీ.

పాట రాలేదు… మర్చిపోవడం ఏంటి. ఇరవయ్యారేళ్ళ నుంచి మన మళ్ళల్లో పాడుతోంది, మర్చిపోతుందా. నిటారుగా నిలబడి ఆమె ఎప్పుడు పాడింది చెప్పండి? నడుం వంచి, చేతిలో నారు కట్ట పట్టుకుని, వెనక్కి అడుగేస్తూ పాడుతుంది. గట్టెక్కితే పాట ఆపేస్తుంది. మనం చూస్తూనే ఉన్నాం ఇన్నేళ్ళూ. నాకు అప్పటిదాకా తోచనేలేదు.

ఆయన రెండుసార్లు అడిగాడు. మూడోసారి ఆమె… వంగింది. ఆ వేదిక మీదే. చేతిలో నారు ఉన్నట్టు, ఇలా వేళ్ళతో గుచ్చుతూ, ఒక అడుగు వెనక్కేసింది. అప్పుడొచ్చిందండీ గొంతు. కోట గోడలకి తగిలి తిరిగొచ్చింది. కానీ మైకు ఎక్కడో పైనుంది, ఈమె నేల వైపు పాడుతోంది. కళ్ళు మూసుకుని వెనక్కి వెనక్కి వెళ్ళి, తబలాలు పెట్టే బల్ల తగిలి కూలబడింది.

లేదు, దెబ్బ తగల్లేదు.

నవ్వారు… అందరూ కాదు. చాలామంది.

బసవ్వా వాళ్ళు లేపారు.

నేనా?

నేను లేపలేదు.

…

వదిలెయ్యండి, తర్వాత చెబుతా… ఎందుకులెండి ఇప్పుడు.

సరే. అడిగారుగా, వినండి. కిందకి దిగాక మెట్ల దగ్గర పట్టుకున్నా. మా అన్నయ్య వాళ్ళు తణుకులో ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు, క్యాంపులో అందరికీ చెప్పుకున్నా, ఇంతమందిలో నన్ను నవ్వులపాలు చేశావు అన్నా. బురదలో గొంతు చించుకోవడం తప్ప నీకింకేం చాతనవును అన్నా.

…అన్నాను. ఆ మాటే. బసవ్వ వింది. అందరూ విన్నారు.

ఆమె ఏం చేసిందా… నా చీర కుచ్చిళ్ళకి మెట్ల మీది సున్నం అంటుకుంటే వంగి చేత్తో దులిపింది. దులిపి, నీళ్ళు తాగొస్తానమ్మా అంది. నేనటు చైత్ర మేడం వైపు తిరిగా. మళ్ళీ చూస్తే లేదు.

…

ఉన్నారా?

తిడతారనుకున్నా. తిట్టినా బాగుండేది.

మీరు చెప్పారు, ఆమెని తీసుకెళ్ళొద్దని మీరు ముందే చెప్పారు. ఆ మాట ఇప్పుడెందుకండీ. మీరు వద్దన్నది నాట్లు ఆలస్యమవుతాయని. ఆమె బాధపడుతుందని కాదు.

…సరే. సరే, నేనూ అలా అనకూడదు. అలిసిపోయి ఉన్నాను. లేస్తున్నా, నడుస్తూ మాట్లాడతా.

తిన్నానా… తిన్లేదు. ఎవరో మజ్జిగిచ్చారు ఆమ్ తలాబ్ దగ్గర. అక్కడే ఒకామె చెప్పింది, ఆకుపచ్చ చీర ముసలామె ఇక్కడ గట్టు మీద కూర్చుని దాసర పదాలు వింది, ఇప్పుడే లేచిపోయింది అని. పరిగెత్తాను. తర్వాత వేదిక దగ్గర కాలేజీ పిల్లలు, ఆ గిటార్లూ, ఆ లైట్లూ, కింద నేల అదురుతోంది. అక్కడ ఇడ్లీ బండాయన కూడా చూశానన్నాడు. స్పీకరు పెట్టెకి ఆనుకుని కూర్చుందంట. చెయ్యి దాని మీద పెట్టి చూసిందంట, ఎట్లా దడదడమంటోందో అని. ఆయనకి నవ్వొచ్చి గుర్తుంచుకున్నాడు. అప్పటికీ అరగంట దాటిందంట లేచిపోయి.

ఖవాలీ వాళ్ళ దగ్గరా అంతే. తత్వాలు పాడేవాళ్ళ దగ్గర ఎవరూ చూడలేదన్నారు. ఆమె వెనకాలే ఉన్నానో, ఆమెని దాటిపోయి ముందున్నానో అర్థం కావట్లేదు. ఇన్ని పాటల మధ్య తిరిగాను, ఏవండీ, ఏది ఎవరు పాడారో అడిగితే ఒక్కటి చెప్పలేను. ఆకుపచ్చ చీరలే చూశా. రాయచూరులో ఇన్ని ఆకుపచ్చ చీరలున్నాయని నాకు తెలీదు.

గంజ్ వైపు ఎనిమిదోది. గ్రంథాలయం ఆవరణలో… అక్కడా లేకపోతే ఇంకొకటుంది. అక్కడా లేకపోతే పోలీస్ స్టేషన్‌కి వెళ్తా. మీరూ రండి అప్పుడు.

ఏంటి… రేపటి నాట్లా.

అదా అడిగేది ఇప్పుడు.

…తెలుసు. నారు ముదురుతోంది, తెలుసు. కాలవ నీళ్ళు గురువారం దాకానే, అదీ తెలుసు. ఆమె రాకపోతే ఇరవై రెండు మందిలో ఒక్కరూ మన మడిలో దిగరు, నాకు తెలీదా? మాట పడింది వాళ్ళ పెద్ద. దిగమంటే ఎందుకు దిగుతారు.

కాదు. నాకు నాట్ల భయం కాదు. పొద్దున మొదట అదే భయపడ్డాను, ఒట్టు, అబద్ధం ఎందుకు. రేపు ముఠా రాకపోతే ఎట్లా అనే మొదట వెతికాను. రెండో వేదిక దాకా అదే. తర్వాత… మీకు గుర్తుందా, మన లహరి పుట్టినప్పుడు నాకు ఒళ్ళు తెలియని జ్వరం. కాలవకి గండి పడి దారి లేకపోతే మంచం మీద పడుకోబెట్టి నలుగురు ఆస్పత్రికి మోశారు. నలుగురిలో ముందు ఎడం పక్క కోడు పట్టింది ఎవరు? మోకాలి లోతు నీళ్ళల్లో. దారి పొడుగునా ఏదో ఒకటి పాడుతూనే ఉంది, నేను నిద్రపోకూడదని. ఆ సంగతి ఐదో వేదిక దగ్గర గుర్తొచ్చింది నాకు. రోడ్డు మధ్యలో. ఒక స్కూటరాయన తిట్టాడు కూడా పక్కకి తప్పుకోమని.

…ఆఁ. సరే. ఏడవట్లేదు. ఎండకి కళ్ళు మండుతున్నాయి.

ఇదిగో వచ్చేసింది గేటు. గ్రంథాలయమే. నెమ్మదిగా మాట్లాడతా, ఇక్కడెవరూ కదలట్లేదు… సారంగి అంట. ముసలాయన, ఒక్కడే వాయిస్తున్నాడు, పక్కన తబలా. కుర్చీలు వేశారు చెట్ల కింద. నిండిపోయాయి.

వెనక వరసల్లో లేదు… గోడ దగ్గర కింద కూర్చున్నవాళ్ళలో లేదు. నీళ్ళ డ్రమ్ము దగ్గర కూడా—

ఉండండి.

ఉండండి, ఉండండి.

ఉందండీ. ఉంది.

…ముందు వరసలో. కుర్చీలో కూర్చుని ఉంది. అవును, ఆమే, నేను గుర్తుపట్టనా. కాళ్ళు పైకి మడుచుకుని, చెంప కింద చెయ్యి పెట్టుకుని…

మనింట్లో ఎప్పుడైనా కుర్చీ వేశామా ఆమెకి? నాకు గుర్తు లేదు. మీకేమైనా గుర్తుందా.

…లేదు కదా.

వెళ్తున్నా దగ్గరికి. ఫోను పెట్టెయ్యను, చేతిలోనే ఉంటుంది.

యంకవ్వా… నేనే. భయపడకు… ఎంతసేపు వెతికానో తెలుసా నీకోసం. లే, పోదాం. బండి ఉంది, అందరూ కోట దగ్గర ఉన్నారు… ఏం?… వద్దా.

హలో… బాగుందండీ, బాగానే ఉంది. నవ్వుతోంది నన్ను చూసి. రానంటోంది. సాకు, తిరిగింది సాకు, కూసో అంటోంది, ఇక చాలని. ఈ సారంగి అయ్యేదాకా కదలదంట.

పొద్దున్నుంచీ ఐదు చోట్ల కూర్చుని విందంట. ఏమంటోందంటే… ‘ఇన్నేండ్లు నా పాట నేనే పాడుకుంటి గదమ్మా. ఇంకొకరు పాడుతుంటె కూసుని వినేది నాకు ఎప్పుడు దొరికె’ అంటోంది.



ఆ ముసలాయన్ని చూపిస్తోంది. సారంగి మీదకి వంగిపోయి వాయిస్తున్నాడు, తల కూడా కనపడట్లేదు. ‘సూడు, ఆయన గూడ వొంగే వాయిస్తుండు. ఎవరన్న నవ్విన్రా’ అంటోంది… ఊరికే అంటోంది, దెప్పడానికి కాదు. నిజంగానే అడుగుతోంది నన్ను.

ఆగండి. ఒక మాట చెప్పాలి ఆమెకి. మీరు వినండి కావాలంటే.

యంకవ్వా. పొద్దున నేనన్న మాట… కాదు, విను. ఇటు చూడు. ఆ మాట అనకూడదు నేను. ఎవరితోనూ అనకూడదు, నీతో అసలనకూడదు. బసవ్వా వాళ్ళందరి ముందూ అన్నాను, మళ్ళీ వాళ్ళందరి ముందే చెబుతాను, తప్పు నాదని… అయ్యో, చేతులు పట్టుకోకు. నేను పట్టుకోవాలి.

…

విన్నారా? ఏమందో వినపడిందా… వినపడలేదా.

తగిలింది అంది. ‘ఆ మాట తగిలిందమ్మా, తగిలిందనే నడుచుకుంట పోయిన. పోతె ఇన్ని పాటలు దొరికె.’

తగల్లేదని అనొచ్చుగా, నా మనసు కోసం. అనలేదు. అదే మంచిదనిపిస్తోంది నాకు.

మూడింటికి వాళ్ళు పాడేశారని చెప్పాను. బసవ్వ ముందందుకుందా అని అడిగింది. అవునంటే, మంచిదే, దానికి గొంతు ఉంది, సిగ్గు ఎక్కువ అంటోంది. అంతే. కష్టపెట్టుకోలేదు.

ఫోనివ్వను. ఏం అడుగుతారో నాకు తెలుసు. నేనూ అడగను… నాట్ల ఊసు ఇక్కడ ఎత్తనండీ నేను.

…చూశారా, మీ గొంతు ఆమెకి వినపడింది. ‘రేపు నా నడుము లెవ్వదు, ఎల్లుండి పొద్దుగాల దిగుతం అని చెప్పు అయ్యకి’ అంటోంది. ఎల్లుండి మంగళవారం. నీళ్ళు గురువారం దాకా ఉన్నాయి. ఒక్కరోజుకి నారు ఏం కాదు… సరేనా. సరే అన్నారని చెప్పనా?

సరే అన్నారు యంకవ్వా.

పాట సంగతా? మడిలో పాడుతుందో లేదో నేనెందుకు అడగాలి. అది ఆమె ఇష్టం.

ఒక్క నిమిషం, ఎవరో వచ్చారు. కార్డు వేసుకుంది, ఇక్కడి ఆవిడే…

ఏంటమ్మా?… నెమ్మదిగానే మాట్లాడుతున్నా, పెట్టేస్తాను ఇప్పుడే… ఏ కుర్చీ?… ఇదా. దీనిమీద మూట ఉందిగా… ఆఁ. ఆఁ… నిజమా. ఎప్పటినుంచి?

…

ఉన్నాను. వింటున్నాను.

యంకవ్వ పక్కన ఒక కుర్చీ ఉందండీ. దానిమీద తన తువ్వాలు పరిచి, అన్నం మూట పెట్టింది. గంటన్నర నుంచి. జనం నిలబడి ఉన్నారు, తియ్యమని మూడుసార్లు అడిగారంట. ఎవరో పెద్దాయన, అతిథి అంట, ఆయనొచ్చినా ఇవ్వలేదంట. ఎవరొస్తారు ఇక్కడికి అని ఈవిడే గట్టిగా అడిగిందంట. అడిగితే…

‘మా అమ్మ ఎదుక్కుంట వస్తది, పొద్దున్నుంచి నడిచి నడిచి వస్తది, కూసుంటది’ అందంట.

…

ఏం లేదు. ఇక్కడే ఉన్నా.

లేదండీ, ఏం లేదు… మూట తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుర్చీ మీద తడుతోంది నన్ను కూర్చోమని.

మీరు హనుమేశ్‌కి ఫోన్ చెయ్యండి. దొరికిందని చెప్పి, బసవ్వా వాళ్ళందరినీ ఇటే తీసుకురమ్మనండి. అన్నం కూడా ఇక్కడే తింటాం… మా అన్నయ్యకా? మీరే చెప్పండి ఏదో ఒకటి. ఉన్నది ఉన్నట్టు చెప్పినా సరే.

ఎప్పుడొస్తామో తెలీదు. ఆయన ఇప్పుడే కొత్త రాగం ఎత్తుకున్నాడు…

యంకవ్వ ఊరుకోమంటోంది. నోటి మీద వేలు పెట్టి చూపిస్తోంది నాకు.

మీరే పెట్టెయ్యండి. నేను కూర్చుంటున్నా—